కళింగపట్నం అలలతో కరెంటు తీయవచ్చా?

తీయవచ్చు. కేరళలోని విళింజంలో 1991లోనే 150 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం నడిచింది. అడుగున సముద్రంలోకి తెరిచి ఉన్న కాంక్రీటు గది అది. అల వచ్చి లోపల నీరు లేస్తే, పైనున్న గాలి టర్బైన్ గుండా బయటికి తోసుకుపోతుంది. నీరు దిగితే మళ్లీ లోపలికొస్తుంది. గాలి ఎటు వీచినా ఇందులోని వెల్స్ రకం టర్బైన్ మాత్రం ఒకే వైపు తిరుగుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

మన శ్రీకాకుళం తీరంలో చిక్కు వేరే ఉంది. అల ఎత్తు సగమైతే దాని శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. స్కాట్లాండ్ తీరంతో పోలిస్తే మామూలు రోజుల్లో మన అలలు చిన్నవి. 2018లో వచ్చిన తిత్లీ లాంటి తుఫాను మళ్లీ వస్తే కట్టడం నిలబడటమే టెన్షన్. ఉప్పుగాలి ఇనుమును ఎలా తినేస్తుందో ఒడ్డున ఇళ్ల కిటికీ ఊచలు చూస్తే తెలుస్తుంది. ఊరంతటికీ కరెంటు కంటే, నడిసముద్రంలో ఓడలకు దారి చూపుతూ నీటిపై తేలే బోయాల దీపాలకే ఇది ముందు పనికొస్తుందని నా అభిప్రాయం.