చౌడు పొలంలో పైపు డ్రెయిన్లు: జేసీబీతో తవ్వించవచ్చా?

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర, కృష్ణా పశ్చిమ డెల్టా చివరి భూమి, ఐదెకరాలు. వరి కోశాక పదును ఆరదు, ఎండాకాలం తెల్లగా ఉప్పు తేలుతుంది. భూమిలో చిల్లుల పైపులు వేయమంటున్నారు. జేసీబీతో తవ్వించవచ్చా? ఎకరానికి ఎంత పైపు పడుతుంది?

జవాబు: పైపు సంగతి తర్వాత, ముందు మురుగు కాల్వ చూడండి. పైపులు మీటరు, మీటరుంపావు లోతున పడతాయి. వాటి మూతి కాల్వ నీటిమట్టానికి కనీసం అరడుగు పైన ఉండాలి. వానలకు కాల్వ నిండి ఎదురుతన్నే చోటైతే సంపు కట్టి మోటారుతో తోడాల్సిందే. ఆ ఖర్చు పెట్టలేకపోతే పైపుల జోలికి పోవద్దు.

మట్టి పరీక్ష కూడా చేయించండి. ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటి, పీహెచ్ 8.5 లోపుంటే పాలచౌడు, అంటే ఉప్పు చౌడు. పైపులు, మంచి కాల్వ నీరు ఉంటే ఉప్పు కడుగుకుపోతుంది. పీహెచ్ 8.5 దాటిన కారుచౌడైతే జిప్సం వేయనిదే నీరు పైపు దాకా దిగదు.

వరసల మధ్య 30 మీటర్లు ఉంచితే ఎకరానికి సుమారు 135 మీటర్లు, బిగువు నల్లరేగడిలో 20 మీటర్లకు తగ్గిస్తే 200 మీటర్లు పైపు కావాలి. 80 మిల్లీమీటర్ల ముడతల పీవీసీ పైపు, ఫిల్టరు గుడ్డ చుట్టి వచ్చేది తీసుకోండి. వీటిని కలుపుకునే పెద్ద పైపు లెక్క వేరు.

కందకం తవ్వే లేజర్ ట్రెంచర్ యంత్రం దొరికితే అదే మేలు. పొలంలో స్టాండు మీద లేజర్ తిరుగుతుంటే, యంత్రం మీది రిసీవర్ దాన్ని పట్టుకుని తవ్వే లోతును తనే సరిచేసుకుంటుంది. సన్నటి కందకం తవ్వుతూనే పైపు పరుస్తుంది. గట్లు, పాత బోదెలు మాత్రం ముందే చదును చేయండి. వాటి మీద యంత్రం ఎగిరిపడితే అడుగున మూపు మిగులుతుంది, ఒండ్రు పేరుకునేది దాని వెనకే.

ఐదెకరాలకు జేసీబీ సరిపోతుంది, కానీ దాని బకెట్ అడుగును గుంటలు చేస్తుంది. చివరి నాలుగు వేళ్ల మట్టి పారతో చెక్కించి, పది మీటర్లకోసారి లెవెల్ చూడండి. వంద మీటర్లకు 10 సెంటీమీటర్ల వాలు చాలు, ఎదురువాలు మాత్రం ఒక్కచోటా ఉండకూడదు. పని కాల్వ వైపు నుంచి మొదలుపెట్టి పైకి రండి. పైపు మీద జానెడు మెత్తటి మట్టి చేత్తో కప్పాకే మిగతాది యంత్రంతో నెట్టించండి. కాల్వలు కట్టేశాక, ఏప్రిల్–మే నెలల్లోనే ఈ పని. తడి రేగడిలో తవ్వితే కందకం గోడలు అలికినట్టయి నీరు ఊరదు.

ప్రశ్న: పైపులు వేశాక వరి మడిలో నీరు నిలవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మూతికి ఎల్బో బిగించి, పైకి నిలబెట్టిన పైపు ముక్క తగిలించండి. దాని ఎత్తు దాకా నీరు ఆగుతుంది, యూరియా కొట్టుకుపోదు. కోతకు పది, పదిహేను రోజుల ముందు తీసేయండి. ఒక్క వరసలోనే నీరు దిగిపోతుంటే ఆ వరస మీద నడిచి చూడండి. కందకంలో మట్టి సరిగా కూరుకోక గుంట పడి ఉంటుంది. తడి మట్టి వేసి తొక్కించండి.