పరిశోధన పత్రిక పెట్టాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కాలేజీ తెలుగు శాఖ తరఫున ఆన్‌లైన్ పరిశోధన పత్రిక పెట్టాలనుకుంటున్నాం. ముందు ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తెచ్చుకుని, తర్వాత వ్యాసాలు పిలవాలా? – ఒక అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: వ్యాసాలే ముందండీ. ఆన్‌లైన్ పత్రికకు తొలి సంచిక వెలువడ్డాకే నంబరు ఇస్తారు. అప్పటికి కనీసం ఐదు పూర్తి వ్యాసాలు సైట్‌లో ఉండాలి. ఢిల్లీలో సీఎస్‌ఐఆర్-ఎన్‌ఐఎస్‌సీపీఆర్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉన్న ఐఎస్‌ఎస్‌ఎన్ జాతీయ కేంద్రం ఉచితంగానే ఇస్తుంది. ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ల జోలికి పోకండి. అచ్చులోనూ వేస్తే దానికి వేరే నంబరు. పత్రిక పేరు మారితే మళ్లీ కొత్త నంబరు కావాలి, అందుకని పేరు ముందే తేల్చుకోండి. ఒక్కమాట: అది గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు.

శాఖల పత్రికలు ఎక్కువగా దెబ్బతినేది సొంతవాళ్ల వ్యాసాలతోనే సంచిక నింపడం వల్ల. డీఓఏజేలో (అందరూ ఉచితంగా చదవగలిగే పరిశోధన పత్రికల అంతర్జాతీయ జాబితా) చేరాలంటే చివరి రెండు సంచికల్లో దేనిలోనూ సంపాదకులు, మండలి సభ్యులు, సమీక్షకులు (వ్యాసాలను ప్రచురణకు ముందు పరిశీలించే నిపుణులు) రాసిన పరిశోధన వ్యాసాలు 25 శాతం దాటకూడదు. కాబట్టి బయటి విశ్వవిద్యాలయాల వాళ్లను మొదటి రోజు నుంచే అడగండి. ఏడాదికి రెండు సంచికలు చాలు. మొదటిది విడుదలయ్యే నాటికి రెండోదానికి సరిపడా వ్యాసాలు సమీక్షలో ఉండాలి, లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఒక్కో వ్యాసానికి ఇద్దరు సమీక్షకులు కావాలంటే నలుగురైదుగురిని అడగాల్సి వస్తుంది. మూడు వారాల గడువు పెట్టి, వారం ముందు గుర్తుచేయండి. రచయిత ఎవరో సమీక్షకులకు తెలియకూడదంటే పేరు మొదటి పేజీలో తీసేస్తే సరిపోదు. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లోనూ, కింది నోట్స్‌లో ‘నా గత వ్యాసంలో’ అన్నచోటా బయటపడిపోతుంది.

ప్రశ్న: వ్యాసాలు ‘అను’ ఫాంట్లలో (డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్లు) వస్తున్నాయి. అలాగే పీడీఎఫ్ చేయొచ్చా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. కంటికి తెలుగే కనిపించినా లోపల ఉండేది యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే ఉమ్మడి అక్షర సంకేతాలు) తెలుగు కాదు. గూగుల్ స్కాలర్‌లో తెలుగు మాటతో వెతికితే ఆ వ్యాసం దొరకదు, రచయిత శ్రమంతా మరుగునపడుతుంది. యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు, అంకెలు, ఉల్లేఖన పద్యాలు తప్పనిసరిగా ప్రూఫ్ చూడండి, మార్పిడిలో చెడేవి అవే. సంచిక మొత్తాన్ని ఒకే ఫైలుగా పెట్టకండి. ఒక్కో వ్యాసానికి ఒక్కో పేజీ, 5 ఎంబీ లోపు పీడీఎఫ్ ఉండాలి. శీర్షిక, సారాంశం ఇంగ్లీషులోనూ ఇవ్వండి.

ప్రశ్న: పత్రికలను నమోదుచేసే ప్రెస్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు, యూజీసీ కేర్ జాబితాలో (యూజీసీ గుర్తించిన పరిశోధన పత్రికల జాబితా) చోటు తప్పనిసరా? – ఒక పరిశోధకుడు, తిరుపతి

జవాబు: 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న పత్రికల నమోదు కొత్త చట్టం విద్యా, శాస్త్ర, సాంకేతిక జర్నళ్లను పీరియాడికల్ నిర్వచనం నుంచి మినహాయించింది. కాబట్టి ఆ నమోదు అక్కర్లేదు. కేర్ జాబితాను ఆపేసినట్లు 2025 ఫిబ్రవరిలో యూజీసీ ప్రకటించింది. ‘కేర్ జర్నల్’ అని ఇప్పటికీ ప్రచారం చేసేవాళ్లను నమ్మకండి.

ప్రశ్న: సైట్‌కు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? – ఒక లైబ్రేరియన్, గుంటూరు

జవాబు: ఓపెన్ జర్నల్ సిస్టమ్స్. ఉచితం, సమీక్ష కూడా అందులోనే నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వ్యాసాల ఫైళ్ల ఫోల్డర్‌ను వెబ్ ఫోల్డర్ బయట పెట్టండి. లోపల పెడితే సమీక్షలో ఉన్న వ్యాసాలు ఎవరి చేతికైనా చిక్కే ప్రమాదం ఉంది.