మీ ఊరి మత్తడి ఏ మ్యాప్‌లో ఉంది?

ప్రశ్న: వరంగల్ జిల్లాలో ఒక సర్కారు హైస్కూల్లో ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతాను. పిల్లలతో మా ఊరి డిజిటల్ మ్యాప్ చేయించాలని ఉంది. బడిలో ఉన్నది ఒక్కటే కంప్యూటర్, నెట్ వచ్చి పోతుంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: చెరువుతో మొదలుపెట్టండమ్మా. నేను రిటైరయ్యే ముందు రెండేళ్లు పిల్లలతో ఈ పనే చేయించాను. బడి, గుడి, బస్టాండు ఎలాగూ ఫోన్ మ్యాప్‌లో ఉంటాయి. చెరువు కూడా నీలం రంగులో కనిపిస్తుంది. కానీ మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు) ఎక్కడుంది, తూములెన్ని, ఏ తూము కింద ఎంత పొలం పారుతుంది, మత్తడి దూకిన నీళ్లు ఏ వాగులో కలిసి కింది ఊరి చెరువుకు చేరతాయి? ఇవి చెప్పే మ్యాప్ నాకు దొరకలేదు. మన దగ్గర కాకతీయులు పెంచి పోషించిన గొలుసుకట్టు చెరువులవి. ఆ గొలుసు పిల్లల చేతుల మీదుగానే మ్యాప్‌లోకి ఎక్కాలి.

మొదటి రోజు కంప్యూటర్ జోలికి పోవద్దు. చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటి పని చేసిన పెద్దమనిషిని బతిమాలి కట్ట మీదికి తీసుకెళ్లండి. మాతో వచ్చిన తాత పూడిపోయిన ఒక తూము దగ్గర ఆగి, "దీన్ని చింతల తూము అనేటోళ్లం బిడ్డా" అన్నాడు. చుట్టూ ఒక్క చింతచెట్టూ లేదు. ఒకమ్మాయి నోట్‌బుక్‌లో చెట్టు బొమ్మ గీసి, పక్కన 'ఇప్పుడు లేదు' అని రాసుకుంది. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

ప్రతి చోటా ఫోన్ మ్యాప్ మీద వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే అక్షాంశం, రేఖాంశం కనిపిస్తాయి. పాయింట్ తర్వాత అంకెలన్నీ రాయించండి. రెండు అంకెలతో ఆపేస్తే చోటు కిలోమీటరు దాకా తప్పుతుంది. బడికొచ్చాక పేరు, అక్షాంశం, రేఖాంశం, ఎవరు చెప్పారు, ఏం చెప్పారు అని ఐదు గళ్లతో ఎక్సెల్ షీట్ నింపించండి. దానికి నెట్ అక్కర్లేదు. నెట్ వచ్చినప్పుడు, సొంత మ్యాప్ చేసుకోవడానికి వీలిచ్చే గూగుల్ మై మ్యాప్స్‌లోకి ఎక్కిస్తే గుర్తులన్నీ ఒకేసారి పడతాయి. డబ్బు కట్టే పనిలేదు. ఒక్కో మ్యాప్‌లో 10 పొరలు పెట్టుకోవచ్చు. నీళ్లకు ఒకటి, పంటలకు ఒకటి, పాత పేర్లకు ఒకటి చాలు. మై మ్యాప్స్ ఆండ్రాయిడ్ యాప్‌ను 2021లో తీసేశారు కాబట్టి ఈ పని కంప్యూటర్‌లోనే చేయాలి.

మా పిల్లలు ఒకసారి రెండు గళ్లనూ తారుమారు చేశారు. 17.9, 79.6 కాస్తా 79.6, 17.9 అయ్యాయి. మా మత్తడి వెళ్లి ఉత్తర ధ్రువం దగ్గర, నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో పడింది! క్లాసంతా ఘొల్లుమంది. అక్షాంశం ముందు ఎందుకు రాయాలో ఆ తర్వాత ఎవరికీ మళ్లీ చెప్పాల్సి రాలేదు.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. పిల్లల ఇళ్లు, ఫోన్ నంబర్లు, ఫొటోలు మ్యాప్‌లో పెట్టనివ్వద్దు. అకౌంట్ మీదొక్కటే ఉండాలి. లింకు బడి దాటకూడదు. ఊరందరికీ పనికొచ్చే చెరువులు, వాగుల పేర్లను మాత్రం మీరే సరిచూసి, ఎవరైనా చేర్చి దిద్దగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగులో ఎక్కించండి. అందులో తెలుగు పేరుకు విడిగా చోటుంది.

మత్తడి దూకే రోజుల్లో మాత్రం పిల్లల్ని కట్ట మీదికి తీసుకెళ్లకండి. యాసంగి నాట్లప్పుడు వెళ్తే తూము తెరిచి ఉంటుంది, నీళ్లు కాల్వ పట్టి ఎటు పోతున్నాయో వాళ్లే వెంట నడిచి చూస్తారు.