ఈ ప్రశ్న కోడలికేనా?

ప్రశ్న: మాది బళ్లారి. అమ్మమ్మది ఆదోని, నాన్నమ్మది హొసపేట. అమ్మతో తెలుగు, నాన్నమ్మతో కన్నడ, అలా పెరిగాను. అక్కడ మమ్మల్ని ‘తెలుగోళ్లు’ అనేవాళ్లు. పెళ్లయి తెనాలి వస్తే ఇక్కడ ‘కన్నడం పిల్ల’నయ్యాను. నోరు తెరిస్తే నవ్వు, ఉగ్గాని చేస్తే "మరమరాలు తడిపి టిఫినంటావేంటి" అని నవ్వు. అవన్నీ అలవాటైపోయాయి గానీ, పాపను జోకొట్టేటప్పుడు నా నోట నాన్నమ్మ కన్నడ మాటలే వస్తాయి. అలా మాట్లాడితే పిల్లకు తెలుగు పాడవుతుందని అత్తయ్య గట్టిగా చెప్పేశారు. మా ఆయనేమో ‘పెద్దావిడ, వదిలెయ్’ అంటారు. ఇంతకీ నేను తెలుగుదాన్నా, కన్నడదాన్నా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూనమ్మా, ఇందులో తేల్చుకోవాల్సిందేం లేదు. ఆదోని, హొసపేట ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఒకే బళ్లారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటొచ్చాయి, బళ్లారి, హొసపేట మైసూరుకు పోయాయి. అంతమాత్రాన సంబంధాలు కలుపుకోవడం ఎవరు మానారు? మీ అమ్మానాన్నల పెళ్లే చూడండి.

బళ్లారి రాఘవ తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో ప్లీడరీ చేస్తూ తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింట్లోనూ నాటకాలాడారు. ఆయన్ని మావాడంటే మావాడని చెప్పుకుంటాం, పేరులో బళ్లారి ఉంటే అదీ గొప్పే. అదే ఊరి పిల్ల కోడలై వస్తే మాత్రం యాస వెతుకుతాం. ఊరు వదిలి వచ్చేది ఆడపిల్ల కాబట్టి, రుజువు చూపించాల్సిందీ ఆమే అయింది, నాకైతే ఇది వినీ వినీ విసుగొచ్చింది.

పాప సంగతి. రెండు భాషలు వింటూ పెరిగే పిల్లలు మొదట్లో మాటలు కలిపేస్తారు, అది మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. మీ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడుతుంటే ఆ పిల్లకు తెలుగు రాకుండా ఎక్కడికి పోతుంది? ఢోకా ఉంటే గింటే కన్నడకే, ఎందుకంటే ఆ ఇంట్లో దానికి మీరొక్కరే దిక్కు. మీరు మానేస్తే రేపు బళ్లారి వెళ్లినప్పుడు పాప మీ నాన్నమ్మ మొహం చూసి ఊరుకోవాలి. కాబట్టి నోటికొచ్చిన భాషలోనే జోకొట్టండి. కథలు చెప్పే పని అత్తయ్యగారికి అప్పజెప్పండి, ఆవిడకూ నచ్చుతుంది.

ఆవిడతో వాదన మాత్రం మీరు పెట్టుకోకండి. కోడలు చెబితే ఎదురు మాట్లాడినట్టు, కొడుకు చెబితే మామూలు మాట. మీ ఆయన ‘వదిలెయ్’ అనడం మాని, "అమ్మా, పాపకు రెండూ రానీ" అని ఒక్కసారి మీ ముందే అనాలి. ఈ పేజీ ఆయన చేత చదివించండి.