మూడు సెషన్లయినా థెరపిస్ట్ అసలు విషయమే అడగలేదు, మార్చేయాలా?

చిన్నప్పటి లైంగిక వేధింపుల వల్ల మీ చెల్లెలు మాటల మధ్యలో "ఎక్కడికో వెళ్లిపోతోంది" అన్నారు. థెరపిస్ట్ మాత్రం ఆ ఊసెత్తకుండా నిద్ర, తిండి, రోజెలా గడుస్తోంది అనే అడుగుతున్నారని మీ బాధ.

మార్చకండి. మొదటి రోజే "అంతా చెప్పేసెయ్యమ్మా, మనసు తేలికవుతుంది" అని కూర్చోబెట్టే వాళ్లని చూసి భయపడాలి.

మామూలు పీటీఎస్‌డీకి (పెద్ద దెబ్బ తర్వాత వెంటాడే భయం, పీడకలలు) నేరుగా జ్ఞాపకం మీదే పని మొదలుపెట్టొచ్చు, 8 నుంచి 15 సెషన్లలో చాలామంది కుదుటపడతారు. డిసోసియేషన్, అంటే మనసు ఉన్నచోటు నుంచి ఇలా తెగి వెళ్లిపోవడం, గట్టిగా ఉన్నవాళ్ల లెక్క వేరు. ముందు భద్రత, తర్వాత జ్ఞాపకం, ఆపైన మామూలు జీవితం: 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ మనస్తత్వవేత్త పియర్ జానే, 1992లో అమెరికన్ సైకియాట్రిస్ట్ జూడిత్ హెర్మన్ చెప్పిన వరుస ఇదే. మొదటి దశకే నెలలు పట్టొచ్చు. కాలు నిలదొక్కుకోకముందే కథ చెప్పిస్తే మనసు అప్పుడు చేసిన పనే ఇప్పుడూ చేస్తుంది, తప్పించుకుని మాయమవుతుంది. గాయం రేగుతుంది గానీ మానదు. ఆ రాత్రి నిద్ర ఉండదు, చెయ్యి కోసుకోవడం మొదలవుతుంది, మళ్లీ సెషన్‌కి రారు.

అలా మాయమయ్యే క్షణం ఎలా ఉంటుందంటే, చూపు గోడ మీద ఒకచోట ఆగిపోతుంది. జవాబు ఆలస్యమవుతుంది. గొంతు చిన్నపిల్ల గొంతులా పీలగా మారొచ్చు, చేతులు చల్లబడొచ్చు. పని తెలిసిన థెరపిస్ట్ కథ అక్కడే ఆపేస్తారు. పేరు పెట్టి స్పష్టంగా పిలుస్తారు. "ఇవాళ ఏ వారం? నీకిప్పుడు ఎన్నేళ్లు? పాదాలు రెండూ నేలకి గట్టిగా నొక్కు. ఈ గదిలో నీలం రంగువి ఏమున్నాయో చెప్పు." చల్లటి నీళ్ల గ్లాసు చేతికిస్తారు. కళ్లు మూసుకోమనరు, మూస్తే ఈ గది పోయి పాత చోటే మిగులుతుంది. గట్టిగా ఊపిరి పీల్చమనడం కూడా కొందరికి పడదు, ఒంటి మీద ధ్యాస పెట్టగానే భయం పెరుగుతుంది. అడక్కుండా భుజం మీద చెయ్యి వేయడం అసలే కూడదు. తేరుకున్నాక, సరిగ్గా ఏ మాట దగ్గర వెళ్లిపోయిందో ఇద్దరూ కలిసి వెతుకుతారు.

డిసోసియేషన్ మీద పనిచేసిన అమెరికన్ సైకియాట్రిస్ట్ రిచర్డ్ క్లఫ్ట్ సూత్రం ఒకటుంది. సెషన్‌ని మూడు భాగాలు చేసి, బరువైన విషయం మొదటి భాగంలోనే ఎత్తాలి, రెండో భాగంలో దాని సంగతి చూడాలి, మూడోది మొత్తం మనిషిని ఈ రోజులోకి తేవడానికే. చివరి ఐదు నిమిషాల్లో పెద్ద జ్ఞాపకం బయటికి లాగి "వచ్చే వారం చూద్దాం" అంటే ఆ అమ్మాయి ఏ స్థితిలో ఆటో ఎక్కుతుందో ఆలోచించండి.

మన దగ్గర ఇంకో ఘోరం ఉంది. ఇలా మాయమైనప్పుడు స్పృహ తప్పినట్టు పడిపోయే అమ్మాయిలకి "ఫిట్స్" అని ఏళ్ల తరబడి మాత్రలు మింగిస్తారు, లేదంటే గాలి సోకిందని కొట్టిస్తారు. పడిపోతున్నప్పుడే వీడియో ఈఈజీ (మనిషిని వీడియో తీస్తూ మెదడు విద్యుత్తును నమోదు చేసే పరీక్ష) తీస్తే తేడా తెలుస్తుంది. నిద్రమాత్రల్లో బెంజోడయజపీన్‌ రకం పీటీఎస్‌డీకి మేలు చేయదు, డిసోసియేషన్‌ని పెంచొచ్చు కూడా. వాడుతుంటే హఠాత్తుగా మాత్రం ఆపకండి, రాసిన సైకియాట్రిస్టుతోనే తగ్గించుకోవాలి. ఇక తల్లినో అన్ననో సెషన్‌లో పక్కనే కూర్చోబెట్టే అలవాటు దయచేసి మానండి. హాని చేసింది ఇంట్లోవాడే అయితే ఆ పిల్ల నోరెలా విప్పుతుంది?

థెరపిస్ట్‌ని రెండు అడగండి. డీఈఎస్ చేశారా? అది డిసోసియేషన్ ఎంత ఉందో కొలిచే 28 ప్రశ్నల పట్టిక. స్కోరు 30 దాటితే ఇంకా లోతుగా పరీక్షించాలి, అదొక్కటే రోగ నిర్ధారణ కాదు. ఈఎమ్‌డీఆర్ (కళ్లు అటూఇటూ కదిలిస్తూ జ్ఞాపకం మీద పనిచేసే థెరపీ) చేస్తామంటే అంతకంటే ముందే ఇది చూసి ఉండాలి. రెండోది, సెషన్ల మధ్య చెల్లెలు మాయమైతే ఇంట్లో ఏం చేయాలో రాసిచ్చారా? ఈ రెంటికీ జవాబు లేకపోతే అప్పుడు మార్చండి. రాత్రిపూట చచ్చిపోవాలనే మాట వస్తే మాత్రం వచ్చే సెషన్ దాకా ఆగకండి, ఆమెను ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.