బ్లాక్ అండ్ వైట్ ఫోటోలకి బయటి మోనోక్రోమ్ ఇంకు వాడొచ్చా? నా అనుభవం

మీ తాతగారి పాత నెగెటివ్‌లు స్కాన్ చేసి ఇంట్లో ఉన్న ఆరు రంగుల ప్రింటర్‌లో తీస్తే ఆకుపచ్చ ఛాయ కొడుతోంది, రంగులు తీసేసి మోనోక్రోమ్ ఇంకు పోసేస్తే సరిపోతుందా అని అడిగారు కదా. సరిపోతుందండి, కానీ ఆ ప్రింటర్‌లో మాత్రం పొయ్యకండి, దీనికంటూ ఇంకోటి పెట్టుకోగలిగితేనే దిగండి. నేను విజయవాడలో నాలుగేళ్లుగా ఇంట్లోనే తీస్తున్నా, అందుకే చెప్తున్నా.

మామూలు ప్రింటర్ బూడిద రంగుని ఒక్క నలుపుతో వెయ్యదు, సయాన్, మెజెంటా, ఎల్లో కూడా కలిపి వేస్తుంది, ఆ కలయిక ఒక్కో వెలుతురులో ఒక్కోలా కనిపిస్తుంది. మా నాయనమ్మ గవర్నర్‌పేటలో స్టూడియోకెళ్లి తీయించుకున్న ఫోటో ఉంది, తెల్లచీరలో. దాన్ని ప్రింట్ తీసి పొద్దున కిటికీ దగ్గర చూస్తే బానే ఉంది, రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూస్తే చీర కుచ్చిళ్లన్నీ పాచి పట్టినట్టు పచ్చగా ఉన్నాయి. మనసు చివుక్కుమంది, అప్పుడే ఈ ఇంకుల గురించి వెతకడం మొదలుపెట్టా.

మోనోక్రోమ్ సెట్లో ఆరు ఇంకు గదుల్లోనూ నలుపే ఉంటుంది, ఒకటి చిక్కటిది, మిగతావి అదే నలుపుని మజ్జిగ పల్చన చేసినట్టు మెట్లు మెట్లుగా పల్చన చేసినవి. పల్చటి చుక్కలు కంటికి ఆనవు కాబట్టి లేత చోట్ల గరుకు కనపడదు. కార్తీకంలో తెల్లారగట్ల ప్రకాశం బ్యారేజీ మీద మంచు పడితే గేట్లు ఒకదాని పక్కన ఒకటి కరిగిపోతున్నట్టు ఉంటాయి చూడండి, ఆ ఫోటో రంగు ఇంకుల్లో తీస్తే నాలుగో గేటు తర్వాత ఒట్టి తెల్ల కాగితమే, ఇందులో పదకొండు లెక్కపెట్టా.

కొంటే కార్బన్ పిగ్మెంట్, అంటే ద్రవంలో తేలే సన్నటి పొడి ఉన్న ఇంకు కొనండి, ద్రవంలో కరిగిపోయే రంగు, అదే చవక డై నలుపు వద్దు. కార్బన్ అంటే మన కాటుకలో మసే, తాటాకుల మీద గంటంతో గీసి పూసింది కూడా అదే, వెలుతురుకి అంత తేలిగ్గా వెలవదు. కొంచెం గోధుమ వైపు వెళ్తుంది, నాకైతే పాత ఫోటోలకి అదే అందం. అమెరికాలో జాన్ కోన్ తెచ్చిన పియెజోగ్రఫీ సెట్లకి మంచి పేరుంది గానీ తెప్పించుకోవాలంటే ఖర్చే. పేపర్ మెరుపు లేని మ్యాట్ కాటన్‌దే తీసుకోండి, మెరిసే గ్లాసీ పేపర్ మీద మ్యాట్ పేపర్ కోసం చేసిన నలుపు పట్టదు, వేలితో రుద్దితే వచ్చేస్తుంది.

అసలు కష్టం ఇంకులో లేదండి, కర్వ్‌లో ఉంది, అంటే ఏ ఛాయకి ఏ గదిలోంచి ఎంత ఇంకు పడాలో చెప్పే లెక్కలో. ప్రింటర్ డ్రైవర్‌కి ఆ గదుల్లో ఇంకా రంగులే ఉన్నాయని లెక్క, అందుకని రాయ్ హారింగ్టన్ చేసిన క్వాడ్‌టోన్ రిప్ లాంటి సాఫ్ట్‌వేర్ కావాలి, అది ఎక్కువగా ఎప్సన్ మోడళ్లకే, మీది లిస్టులో ఉందో లేదో ఇంకు కొనకముందే చూసుకోండి. తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల స్ట్రిప్ ప్రింట్ తీసి, ఒక రోజు ఆరనిచ్చి, మెట్టు మెట్టూ కొలిచి సరిచేసుకుంటూ పోవాలి. ఛాయ ఎంత ముదురో కొలిచే మీటర్ నా దగ్గర లేదు, స్కానర్‌లో ఆటో కరెక్షన్లన్నీ ఆపేసి దాంతోనే కొలిచా, ఆరోసారికి గానీ ముదురు చివర 18, 19, 20 మెట్లు విడివిడిగా కనపడలేదు. పేపర్ మారిస్తే మళ్లీ మొదటికే.

నేను చేసిన తప్పులు రెండు చెప్తా, మీరు చెయ్యకండి. రంగు ఇంకు పూర్తిగా కడగకుండా పోసేశా, లేత మెజెంటా గదిలో మిగిలిన నాలుగు చుక్కలు చాలు, పది షీట్ల దాకా ఆకాశం గులాబీగా వచ్చింది. రెండోది, మేలో ఇరవై రోజులు ఊరెళ్లా, మన ఎండల సంగతి తెలుసుగా, వచ్చేసరికి ఇంకు చిమ్మే హెడ్‌లో పిగ్మెంట్ ఎండిపోయి, అన్ని రంధ్రాల్లోంచీ ఇంకు వస్తోందో లేదో చూసే నాజిల్ చెక్ ప్రింట్‌లో సగం గీతల్లేవు, క్లీనింగ్‌లకే బోలెడు ఇంకు పోయింది. ఇప్పుడు ఎక్కడికెళ్లినా వారానికోసారి మా తమ్ముడితో నాజిల్ చెక్ కొట్టిస్తా, పిగ్మెంట్ అడుక్కి దిగుతుంది కాబట్టి కార్ట్రిడ్జ్‌లు తీసి మెల్లగా ఊపి పెట్టమంటా.

మొత్తం పాతిక ముప్ఫై ఫోటోలే అయితే ఇదంతా వద్దండి, మూడు రకాల నలుపులుండే ఫోటో ప్రింటర్ ఉన్న ల్యాబ్ చూసుకుని, బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లోనే తియ్యమని గట్టిగా చెప్పి తీయించుకోండి. వందల్లో ఉంటే మాత్రం ముందు పాతది ఒక ప్రింటర్ వెతకండి, కొనేముందు ఆరు గదులూ నాజిల్ చెక్‌లో పూర్తిగా వస్తున్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.