కషాయం సంగతి తర్వాత చూద్దాంలే, అమ్మలూ

అమ్మలూ,

సోమవారం నుంచి నాలుగింటికే లేచి, నూనె పుక్కిలించి, ఒళ్ళంతా నూనె పట్టించుకుని, కాఫీ మానేసి కషాయం తాగుతానన్నావట. మీ అమ్మ చెప్పగానే ముచ్చటేసింది. ఆ వెంటనే గుబులు పట్టుకుంది. విజయనగరంలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, ఆటోలో శ్రీకాకుళం బ్యాంకుకి పరిగెత్తే పిల్లవి. పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే ఒళ్ళు హూనమైపోతుంది. ముందు పదింటికల్లా పడుకోవడం నేర్చుకో.

అలవాటైన చెడునైనా పావు వంతు చొప్పునే వదలమన్నాడు వాగ్భటుడు అష్టాంగహృదయమనే ఆయుర్వేద గ్రంథంలో. మంచిని పట్టుకోవడమూ అలాగేనట. మూడు కాఫీల్లో ఇప్పటికి ఒకటి తగ్గించు, చాలు. నూనె కూడా తలకీ, చెవులకీ, అరికాళ్ళకీ ముఖ్యమన్నాడాయన. వంటకి తెచ్చుకునే నువ్వుల నూనే ఓ చెంచా వెచ్చచేసి, పడుకునేముందు అరికాళ్ళకి రాసుకో. రాసుకుని టైల్స్ మీద తిరగకు, జారిపడతావు. రాత్రి పెరుగు వద్దు, మజ్జిగ పోసుకో. పొద్దున టిఫినుకి టైమ్ లేకపోతే చోడి (రాగి) అంబలి రాత్రే కాచి పెట్టుకో. నిలవది శాస్త్రం ఒప్పుకోదని ఎవరైనా అంటే, మన పొలాల్లో పనిచేసేవాళ్ళని ఓసారి చూసి రమ్మను.

థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, గంట ఆగాకే కాఫీ అయినా కషాయమైనా. అశ్వగంధ మాత్రం డాక్టరుని అడక్కుండా ముట్టుకోకు, థైరాయిడ్ లెక్కలు తారుమారు కావచ్చు.

మీ పెదనాన్న మోకాళ్ళ నొప్పుల కథ నీకు సరిగ్గా తెలీదు, అప్పటికి చిన్నపిల్లవి. సంతలో ఎవడో పొట్లాలు అమ్మాడు. అంతా వేళ్ళూ మూలికలే, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవన్నాడట. వారం తిరక్కుండా నొప్పి పోయింది. ఏం మందండీ అది అని అడిగితే, "ఆకు పసరుక్కూడా భయమేంటే నీకు" అని నవ్వేవారు. చొక్కా జేబులో దాచుకుని మరీ మింగారు. చలికాలం వచ్చేసరికి పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బు. చీలమండ మీద వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మన ఉద్దానంలో కాళ్ళు వాచాయంటే ఎవరికైనా ముందు ఏ భయమేస్తుందో నీకు చెప్పక్కర్లేదు. విశాఖ తీసుకెళ్తే, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎక్కువుందన్నారు. డాక్టరుగారు పొట్లం విప్పి అటూ ఇటూ తిప్పారు. పేరు లేదు, చీటీ లేదు. ఇలాంటివాటిలో నొప్పి మాత్రలూ స్టెరాయిడ్లూ నూరి కలిపేస్తుంటారమ్మా అన్నారు. కొన్నిట్లో సీసం, పాదరసం కూడా ఉంటాయట. ఈయన ఉప్పు తగ్గించి, బీపీ మాత్రతో నెట్టుకొస్తున్నారు. రిపోర్టు వచ్చే రోజు నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

అందుకే చెబుతున్నా. కంపెనీ పేరు, లైసెన్సు నంబరు, ఏమేం కలిపారో రాసిలేని పొడి ఏదీ నోట్లో వేసుకోకు. లోహాలవీ కాల్చి చేసే భస్మాలైతే చదువుకున్న వైద్యుడు చూసి ఇస్తే తప్ప అసలే వద్దు. త్రిఫల కావాలంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ నేనే ఎండబెట్టి దంచి పంపిస్తాను. అర చెంచాతో మొదలుపెట్టు, విరేచనాలైతే ఆపెయ్.

ఇంకోటి, దీనికి నీ మీద నిజంగానే కోపంగా ఉంది. రైల్లో బాత్రూమ్ బాగోదని సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా, ఉగ్గబట్టుకుని కూర్చుంటావట! వేగాలు, అంటే ఒంటికి పాస్ లాంటివి వచ్చినప్పుడు, ఆపుకోవద్దని చరకుడు ఒక అధ్యాయమే రాశాడే. నీ సోమవారం లిస్టులో మొట్టమొదట అది రాసుకో. బ్యాంకులో అడుగుపెట్టగానే బాత్రూమ్‌కి వెళ్ళు, సీసాడు నీళ్ళు తాగు, మధ్యాహ్నం మళ్ళీ నింపుకో. మేనేజరు ఏమైనా అంటే నా నంబరివ్వు.

మీ పెద్దమ్మ,
సోంపేట